మునగాల బాట: ఒక సీమలో గ్రంథాలయముల పెంపు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గమున సూర్యాపేట దాటి కోదాడ చేరులోపల మునగాల అను ఊరు వచ్చును. నేడు బస్సులో పోవువారు ఆ ఊరిని అంతగా గమనింపకయే దాటిపోవుదురు. నూరేండ్ల క్రిందట ఆ బాటను బండ్లపై పోయినవారికి మాత్రము అచ్చట రాజ్యమే మారెడిది. సూర్యాపేట నిజాము రాజ్యములోనిది, కోదాడయు నిజాము రాజ్యములోనిదే. నడుమనున్న మునగాల పరగణా మాత్రము ఇంగ్లీషువారి యేలుబడిలోని కృష్ణా జిల్లాకు చేరినది. చుట్టును నిజాము గ్రామములు, నడుమ దీవివలె ఆ జమీందారీ.

తెలంగాణమున గ్రంథాలయోద్యమ చరిత్ర చెప్పబూనినవారు ఆ దీవి పేరు తలపక తప్పదు. అచ్చటి ధనముతోను, అచ్చటి దివాను బుద్ధిబలముతోను మొదలైన పని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సీమలో ఎట్లు పెరిగినదో, ఎవరి చేతులలో ఏ రూపము దాల్చినదో చెప్పుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము. దానితోపాటు ఒక ప్రశ్న కూడ మా మనస్సున ఉన్నది. గ్రంథాలయమునకు సొమ్ము పెట్టినదెవరు? అందలి పుస్తకము చదివినదెవరు? ఈ రెంటికిని ఒకే సమాధానము వచ్చిననాడు గదా గ్రంథాలయము ప్రజలదగుట. మన సీమలో ఆ నాడు మిక్కిలి మెల్లగా వచ్చినది.

మునగాల జమీందారుల కోట నడిగూడెమున కలదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఆ జమీకి అధిపతి రాజా నాయని వేంకట రంగారావుగారు. ఆయన కొలువున దివానుగా పనిచేసినవారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు. లక్ష్మణరావుగారు 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలున జన్మించి, నాగపురమున చదివి, మహారాష్ట్రమున ప్రజలు తమ భాషకై చేయుచున్న సేవను కన్నులార చూచి వచ్చినవారు. ఇంగ్లీషునందు చదువుకొన్న విషయమును తెలుగున చెప్పనిచో చదువు ఇంటి గడప దాటదని ఆయన గట్టి నమ్మకము. నల్లగొండ జిల్లావాడే అయిన రావిచెట్టు రంగారావుగారు హైదరాబాదున స్థిరపడియుండిరి. ధనము, పాండిత్యము, కార్యదక్షత ఈ ముగ్గురియందును కలసివచ్చినవి. ఆదిపూడి సోమనాథరావుగారు, మైలవరపు నరసింహశాస్త్రిగారు మొదలైనవారు తోడైరి. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున, రంగారావుగారి యింట, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను.

పల్లెలలోనో, మునగాలలోనో కాక హైదరాబాదుననే ఆ నిలయము వెలయుట ఏల అను సందేహము కలుగవచ్చును. నిజాము రాజ్యపు జనులలో దాదాపు సగము తెలుగు మాటలాడువారే అయినను కచేరీలో తెలుగు లేదు, పై తరగతుల పాఠశాలలో తెలుగు లేదు, రాజధాని సభలలో తెలుగుమాటకు మన్నన లేదు. పెండ్లి పత్రికను సైతము ఉర్దూలో అచ్చువేయించుకొనుట గౌరవమని భావించిన కాలమది. అట్టి నగరమున తెలుగు పుస్తకము దొరకుచోటు ఒకటి ఉండవలెను. తెలుగు పత్రిక చదువుకొనుటకు ఒక బల్ల ఉండవలెను. నలుగురు తెలుగువారు కలిసి సంకోచము లేక తెలుగున మాటలాడుకొనుటకు ఒక గది ఉండవలెను. భాషానిలయము ఈ మూడింటిని సమకూర్చెను. రంగారావుగారు 1910లో అకాలమరణము చెందినను నిలయము నిలిచెను. ఆయన సతీమణి లక్ష్మీనరసమ్మగారి చేయూతతోను, పలువురి చందాలతోను 1921లో దానికి స్వంత భవనము ఏర్పడెను.

అలమారుల నింపుటకు పుస్తకములు కూడ కావలెను గదా. కావ్యములు, పురాణములు ఉండెను గాని చరిత్ర, ప్రకృతి శాస్త్రము, దేశాంతర విషయములు తెలుపు తెలుగు గ్రంథములు బహు తక్కువ. ఆ లోటు తీర్చుటకు ఈ మిత్రులే గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావుగార్లతో కలిసి 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమాలను నెలకొల్పిరి. హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము దాని తొలి ప్రచురణములలోనిది. బానిసత్వమును తొలగించిన అమెరికా అధ్యక్షుని కథ, వెట్టిచాకిరి ఊరూర నడచుచున్న మన సీమకు తెలుగున చేరినదని గుర్తుంచుకొనుడు. 1908లో ఆ గ్రంథమాల మద్రాసుకు తరలిపోయినను అది వేసిన బాట చెరిగిపోలేదు. పిమ్మట లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొని, అది సంపూర్ణము కాకుండగనే 1923లో కాలధర్మము చెందిరి.

ఇంతవరకు చెప్పినది ఉదారులైన పెద్దల కథ. దానికి మరియొక ప్రక్క కలదు. మునగాల జమీందారుగారు పుస్తకములకు ఇచ్చిన ధనము పరగణా రైతుల పొలములనుండి శిస్తు రూపమున వచ్చినదే. ఆ రైతులలో అక్షరము వచ్చినవారు ఎందరు? వెట్టి, నానావిధములగు వసూళ్లు ఆ దీవిలోను ఉండెను. 1930 తరువాతి దశాబ్దమున మునగాల రైతులు వానికి ఎదురు తిరిగి గట్టి ఆందోళనము సాగించిరి. రాజావారి దాతృత్వమును తక్కువ చేయుట మా తలంపు కాదు. ఆయనవలె ధనము గలవారు అనేకులుండగా పుస్తకమునకు ఇచ్చినవారు కొందరే. అయినను లెక్క లెక్కయే. తొలి గ్రంథాలయమునకు నాగటిచాలులోని రైతు తనకు తెలియకుండగనే చందాదారు. చదువరి మాత్రము కాడు. మనము మొదట అడిగిన రెండు ప్రశ్నలకును ఆనాటి సమాధానములు వేరువేరు.

లోకమంతట కూడ ఇట్టి విచిత్రమే కనబడును. అమెరికాలో ఆండ్రూ కార్నెగీ అను ఉక్కు వ్యాపారి దేశదేశములలో కలిపి రెండువేల అయిదువందలకు పైగా గ్రంథాలయ భవనములకు ధనమిచ్చెను. ఆ ధనము కొలిమి యెదుట చెమటోడ్చిన కార్మికుల శ్రమనుండి వచ్చినదే. కాని ఆయన ఒక షరతు పెట్టెను. భవనము నేను కట్టింతును. అందుకై ఇచ్చిన మొత్తములో పదవవంతును ఏటేట మీ ఊరివారు పన్నులనుండి కేటాయించి నడుపుకొనవలెను అనుట ఆ షరతు సారాంశము. దాత పోయినను గ్రంథాలయము పోకుండుటకు అది మార్గము. మన దేశమున బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడు 1910 ప్రాంతమున అమెరికా నుండి నిపుణుని రప్పించి, రాజ్యమంతట ఊరూర గ్రంథాలయములు పెట్టించెను. నిజాము రాజ్యమునందలి తెలుగు పల్లెలకు అట్టి రాజపోషణము లభింపలేదు. చట్టము వచ్చుటకు ఇంకను అర్ధశతాబ్దము పట్టవలసియుండెను. అందుచేత జనులే పూనుకొనవలసివచ్చెను.

హైదరాబాదున వెలిగిన దీపమునుండి ఇతర దీపములు వెలిగినవి. 1904లో హనుమకొండన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము, 1918లో నల్లగొండన ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయము ఏర్పడినవి. సూర్యాపేట చెంతనున్న పిల్లలమర్రిలో సైతము గ్రంథనిలయము వెలసెను. పిల్లలమర్రి కాకతీయులనాటి శివాలయములకును, శాసనములకును ప్రసిద్ధి గాంచిన ఊరు. రాతిపై అక్షరము చెక్కించిన ఊరిలో ఏడువందల యేండ్ల తరువాత కాగితముపై అక్షరము మరల కుదురుకొన్నదని చెప్పవచ్చును.

నల్లగొండన గ్రంథనిలయము వెలసిన ఆ 1918లోనే హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడినది. దానితోపాటే దాని గ్రంథాలయమును మొదలైనది. దేశభాషయందు ఉన్నత విద్య గరపిన తొలి విశ్వవిద్యాలయమని దానికి పేరు. అది గొప్ప సాహసము. 1917లోనే అనువాదశాల నొకదానిని స్థాపించి శాస్త్రగ్రంథములనెన్నో ఉర్దూలోనికి తెచ్చిరి. గన్‌ఫౌండ్రీ ప్రాంతమున అద్దె భవనములలో మొదలైన ఆ విద్యాలయము పిమ్మట అడిక్‌మెట్ మిట్టలపైకి చేరినది; నేడు దాని గ్రంథాలయమున సుమారు అయిదు లక్షల గ్రంథములు, వేలకొలది వ్రాతప్రతులు కలవు. కాని ఆ దేశభాష ఉర్దూ. సూర్యాపేట తాలూకాలోని రైతుబిడ్డ ఆ విద్యాలయపు గుమ్మము త్రొక్కవలెనన్న ముందు తన ఇంట పలుకని భాషను నేర్వవలెను. రాయప్రోలు సుబ్బారావుగారి వంటి కవి అచ్చట తెలుగు బోధించిరి. అయినను తెలుగు అచ్చట ఒక పాఠ్యవిషయమే గాని చదువు నడచు బాట కాదు. కావున ఊరి గ్రంథాలయమే తెలుగు పల్లెకు విశ్వవిద్యాలయమయ్యెను. ఇది అలంకారమునకై చెప్పిన మాట కాదు. చరిత్ర, శాస్త్రము, లోకవృత్తాంతము మాతృభాషలో నేర్చుకొనుటకు ఆ పల్లెవానికి మరియొక చోటు లేకుండెను.

1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభ ఈ కొరతను అందరి కన్నులకు కట్టినది. మహర్షి కార్వేగారు అధ్యక్షులు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ భాషలలో ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ మొదలిడగా సభలో కేకలు, చప్పట్లు చెలరేగి ఆయన మాట సాగనీయలేదు. ఆ రాత్రియే కొందరు తెలుగువారు సమావేశమై ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు మున్నగువారు దానికి మూలస్తంభములు. గ్రంథాలయములు, పఠనమందిరములు పెట్టుట, పాఠశాలలకు తోడ్పడుట, వ్రాతప్రతులను శాసనములను సేకరించుట, చిన్న పొత్తములు అచ్చువేసి పంచుట సంఘము తలపెట్టిన పనులు. రాజకీయముల ఊసు అందు లేదు. అయినను అధికారులకు గుబులు పుట్టెను. అనుమతి లేనిదే సభ జరుపరాదను గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ఆనాటి పనివారికి అడుగడుగున అడ్డు తగిలెను. గ్రంథాలయపు వార్షికోత్సవమునకు సైతము పై అధికారి అనుజ్ఞకై వేచియుండవలసిన దినములవి.

అడ్డంకులు ఎన్ని యున్నను సంఘపు పని జిల్లాలలో ప్రాకినది. 1925లో మధిరలోను, 1928లో సూర్యాపేటలోను కేంద్రసంఘపు సమావేశములును, వానితోపాటు గ్రంథాలయ సభలును జరిగెను. సూర్యాపేట ఈ పనికి అనువగు పట్టణమగుటకు కారణము కలదు. అది బాటమీది వర్తకస్థలము. విజయవాడ నుండి పుస్తకము, పత్రిక, వార్త ఆ బాటననే రావలెను. వర్తకులకు గ్రంథాలయముతో పని ఏమి అనవచ్చును. ఆ కాలమున అధికారులు ఊరికి దిగినప్పుడు ఉప్పు, పప్పు, నేయి మొదలగు సరకులు దుకాణదారులు ఊరక ఇచ్చుకొనవలసివచ్చెడిది. లేదా పేరునకొక వెల పుచ్చుకొనవలసివచ్చెడిది. ఇది చట్టము కాదని, ప్రభుత్వపు ఉత్తరువులే దీనిని నిషేధించినవని సంఘమువారు వర్తక స్వాతంత్ర్యమును గూర్చిన చిన్న పొత్తముతో ప్రచారము చేసిరి. పుస్తకము చదివినవాడు తన సరకు తనకు దక్కించుకొనెను. అక్షరమునకు ఇంతటి ప్రత్యక్షఫలము కలదని తెలిసిన పిమ్మట వర్తకుడు చందా ఇచ్చుటకు వెనుదీయునా? వెట్టిచాకిరిని గూర్చిన పొత్తమును ఇట్లే పల్లెలకు చేరినది.

ఈ చోట మన ప్రశ్నకు సమాధానము కొంత మారుచున్నది. ఇప్పుడు చందా ఇచ్చువాడును, చదువువాడును ఒక్కడే. దాత ఒక్కడు కాదు. అణా, రెండణాలు వేసికొనువారు పలువురు.

ఆనాటి ఊరి గ్రంథాలయమనగా పెద్ద భవనమని తలపరాదు. ఒకరి యింటి వసారాలో ఒక అలమార, ఒక చాప, ఒక లాంతరు. పుస్తకములు తీసికొనిపోయినవారి పేరులు వ్రాసికొనుటకు ఒక పద్దుపుస్తకము. 1922లో నల్లగొండ నుండి షబ్నవీసు వేంకట రామనరసింహారావుగారి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రికయు వెలువడినవి. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక వచ్చినది. సాయంకాలము పత్రిక రాగానే చదువు వచ్చినవాడు ఒకడు బిగ్గరగా చదువగా తక్కినవారు చుట్టు కూర్చుండి వినెడివారు. నేడు మీ యింట రేడియో చేయుచున్న పనిని నాడు ఆ గొంతుక చేసినది. 1951 జనాభా లెక్కలనాటికి సైతము హైదరాబాదు రాష్ట్రమున నూటికి పదిమందికైనను చదువు రాదు. అట్టిచో అంతకు పాతికేండ్లముందు మాట చెప్పనేల? ఒక్క చదువరి వెనుక పదిమంది శ్రోతలు లేనిచో ఆ గ్రంథాలయములు అంత బలము పుంజుకొనియుండెడివి కావు.

ఇట్టి వాతావరణమున పెరిగినవారిలో వట్టికోట ఆళ్వారుస్వామిగారిని ప్రత్యేకముగ చెప్పవలెను. 1915లో నల్లగొండ జిల్లా చెరువుమాదారమున పేదకుటుంబమున జన్మించిన ఆయన, ఒక ఉపాధ్యాయునికి వండిపెట్టుచు చదువు నేర్చెను, హోటలులో పనిచేసెను, పత్రికలో అచ్చు తప్పులు దిద్దెను. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములు అచ్చువేయించి, తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. కొనుటకు వచ్చువారికై దుకాణము తెరచి కూర్చుండలేదు. పాఠకుని యింటికి పుస్తకమునే నడిపించెను. రాజావారు ధనమిచ్చి పెట్టిన గ్రంథాలయమునకును, వంటచేసి బ్రతికినవాడు భుజమున మోసిన గ్రంథమాలకును నడుమ ముప్పదియేడేండ్లు. చదువు ఎవరి చేతులనుండి ఎవరి చేతులకు మారినదో తెలియుటకు ఇంతకంటె వేరు కొలత అక్కరలేదు. 1955లో ప్రచురితమైన ఆయన నవల ప్రజలమనిషి ఆ పల్లెల బ్రతుకునే చిత్రించినది. 1961లో ఆయన కన్నుమూసిరి.

సూర్యాపేటలో బొమ్మగాని ధర్మభిక్షముగారు విద్యార్థులకై వసతిగృహము నడిపిరి. పల్లెలనుండి వచ్చిన పేద పిల్లలకు అది తిండి పెట్టు చోటును, పత్రికలు చదివి చర్చించుకొను చోటును అయ్యెను. కోదాడకు చేరువనున్న చిలుకూరున 1941లో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగెను. గ్రంథాలయమున మొదలైన మాట అప్పటికి భూమిని గూర్చిన మాటయై, కౌలును గూర్చిన మాటయై, వెట్టిని గూర్చిన మాటయై పెరిగినది. రాజకీయముల ఊసెత్తకుండ అలమార తెరచినవారు ఇంతటి ఫలమును ఊహించియుందురా? 1946 మొదలు 1951 వరకు ఈ సీమ సాయుధ పోరాటముతోను, రజాకార్ల దౌర్జన్యముతోను, పోలీసు చర్య అనంతరపు సైనిక చర్యలతోను అట్టుడికినది. ఊళ్లకు ఊళ్లు చెల్లాచెదరైన ఆ యేండ్లలో పద్దుపుస్తకము తెరచి పుస్తకము ఎరువిచ్చు తీరిక ఎవరికుండును?

శాంతి నెలకొన్న తరువాత గ్రంథాలయము చట్టములోనికి ఎక్కినది. ఇచ్చట మరల మునగాల దీవిని తలచుకొనవలెను. 1948లో మద్రాసు రాష్ట్రమున రెండు చట్టములు పుట్టినవి. ఒకటి జమీందారీలను రద్దుచేసినది. రెండవది, గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్‌గారి కృషి ఫలముగ వచ్చిన పౌర గ్రంథాలయ చట్టము. మునగాల కృష్ణా జిల్లాలోనిది గనుక ఆ రెండును దానికి వర్తించినవి. రాజావారి జమీ పోవుచుండగా గ్రంథాలయమునకు ప్రజల పన్ను వచ్చుచుండెను. చుట్టునున్న నిజాము సీమకు హైదరాబాదు రాష్ట్ర గ్రంథాలయ చట్టము 1955లో గాని రాలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. 1959లో మునగాల పరగణా నల్లగొండ జిల్లాలో కలిసినది. ఆ మరుసటి యేడు, 1960లో, ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టము రాష్ట్రమంతటికిని ఒకే పద్ధతి నేర్పరచెను. సూర్యాపేట, మునగాల, కోదాడలు తొలిసారిగ ఒకే జిల్లా గ్రంథాలయ సంస్థ క్రిందికి వచ్చినవి. బాట నడుమనున్న సరిహద్దు పుస్తకమునకు సైతము తొలగిపోయినది.

ఆ చట్టపు కీలకము గ్రంథాలయ సుంకము. ఊరిలో ఇల్లుగలవాడు చెల్లించు ఇంటిపన్నుపై అదనముగ కొంత వసూలుచేసి, పంచాయతీయో పురపాలక సంఘమో దానిని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. ఆ సుంకము పన్ను రూపాయకు ఎనిమిది పైసల చొప్పున నడచుచున్నది. వేయి రూపాయల ఇంటిపన్ను కట్టు గృహస్థు ఎనుబది రూపాయలు గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాడన్నమాట. కార్నెగీ తన దానమునకు పెట్టిన షరతు ఇక్కడ దాత అవసరమే లేకుండ చట్టమై నిలిచినది. చందా అడుగుటకు ఇంటింటికి తిరుగనక్కరలేదు. దాత గుమ్మమున నిలువనక్కరలేదు. అధికారి అనుజ్ఞకై వేచియుండనక్కరలేదు.

మిర్యాలగూడ కథ దీనికి మంచి ఉదాహరణము. 1955 డిసెంబరులో పునాదిరాయి పడిన నాగార్జునసాగరము నుండి 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు మాగాణియైనవి. మెట్టపైర్ల సీమ వరిపొలమైనది. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణమైనది. ఇండ్లు పెరిగినవి, ఇంటిపన్ను పెరిగినది, దానితోపాటు గ్రంథాలయ సుంకమును పెరుగవలెను గదా. నీరు పొలమునకు పారినట్లే సొమ్ము గ్రంథాలయమునకు పారవలెనను ఏర్పాటు చట్టములోనే కలదు. అయితే కాలువకు చివరిభూములవారి బాధ ఒకటి యున్నట్లు సుంకమునకును ఒక బాధ కలదు. వసూలైన సొమ్ము సంస్థకు సకాలమున చేరక బకాయిలు పేరుకొనుచున్నవను మాట అనేక జిల్లాలలో చిరకాలముగ వినబడుచున్నదే. తలమడుగున నీరు నిండుగ నున్నంత మాత్రమున కడమడి తడియునా?

ఇక విశ్వవిద్యాలయము. 1918లో ఉర్దూ గుమ్మము వద్ద ఆగిపోయిన పల్లెవాని మనుమలకు, మునిమనుమలకు 2007లో నల్లగొండననే విశ్వవిద్యాలయము ఏర్పడెను. 2008లో దానికి మహాత్మా గాంధీ పేరు పెట్టిరి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలోని కళాశాలలకు నేడు అదియే విశ్వవిద్యాలయము. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట, 2016లో సూర్యాపేట ప్రత్యేక జిల్లా అయినది. కోదాడ అందు చేరినది, మిర్యాలగూడ నల్లగొండలో నిలిచినది. నల్లగొండన ఊరి గ్రంథనిలయము వెలసిన 89 యేండ్లకు విశ్వవిద్యాలయము వచ్చినది. తక్కినచోట్ల విశ్వవిద్యాలయము పుట్టి, దాని వెంట గ్రంథాలయము పుట్టును. మన సీమలో గ్రంథాలయము ముందు పుట్టి, మూడు తరముల పాఠకులను తయారుచేసి, విశ్వవిద్యాలయమునకు ఎదురుచూచినది.

నేడు ఈ పట్టణముల గ్రంథాలయములకు ప్రొద్దున పోయిచూచినచో యువతీయువకులు బారులు తీరి కూర్చుండి కనబడుదురు. వారి యెదుట నున్నవి ఎక్కువగా ఉద్యోగ పరీక్షల పుస్తకములు. ఇది చూచి పెదవి విరచు పెద్దలు కలరు. కావ్యము చదువరు, కథ చదువరు అని వారి బాధ. మేము ఆ మాటతో ఏకీభవింపజాలము. సూర్యాపేట వర్తకుడు నాడు పొత్తము చదివినది తన సరకు దక్కించుకొనుటకే; నేటి యువకుడు చదువుచున్నది తన బ్రతుకు నిలుపుకొనుటకే. ఇంట చోటు లేనివానికి, పుస్తకము కొనలేనివానికి ఆ బల్లయు, ఆ వెలుతురును, ఆ నిశ్శబ్దమును గొప్ప సహాయము. అవసరమునకై వచ్చినవాని చేతికి ఆనందమునకై చదువదగిన పుస్తకమును అందించుట గ్రంథాలయాధికారి నేర్పు. అలమారలో క్రొత్త పుస్తకము లేనప్పుడు మాత్రము ఆ నేర్పు ఏమి చేయగలదు? క్రొత్త పుస్తకమునకు సొమ్ము కావలెను. ఆ సొమ్ము మీ ఇంటిపన్నులోనే కలదు.

నూరేండ్ల క్రిందటి మునగాల రైతు తన శిస్తులో కొంత భాగము పుస్తకమగుచున్నదని ఎరుగడు. ఎరిగినను చదువజాలడు. నేటి గృహస్థు చదువగలడు. అయినను తాను ఏటేట గ్రంథాలయమునకు ఎంత ఇచ్చుచున్నదియు అతడును ఎరుగడు. ఎరుగనివాడు అడుగడు. అడుగువారు లేని సొమ్ము దారి మళ్లుట వింత కాదు. 1901లో ముగ్గురు మిత్రుల వలనను, 1928లో ఊరి వర్తకుల వలనను, 1938లో భుజమున మూటతో నడచిన ఒక్క మనుష్యుని వలనను గ్రంథాలయము బ్రతికినది. చట్టము వచ్చిన తరువాత దాని బ్రతుకు మన అందరి బాధ్యతయైనది. అందరి పని యగుటవలననే ఎవరి పనియు కాకుండ పోవు ప్రమాదమును వచ్చినది.

కావున మేము కోరునది స్వల్పము. ఈ యేడు ఇంటిపన్ను రసీదు చేతికి వచ్చినప్పుడు గ్రంథాలయ సుంకము ఎంత కట్టితిరో ఒకపరి లెక్కకట్టి చూడుడు. చూచిన తరువాత మీ ఊరి గ్రంథాలయమునకు పోయి, గడచిన యేడు ఎన్ని క్రొత్త పుస్తకములు వచ్చినవో అడుగుడు. వచ్చియున్నచో ఒకటి ఇంటికి తెచ్చుకొనుడు. రానిచో ఎందుకు రాలేదో వ్రాతమూలముగ తెలుపుడని కోరుడు.

గ్రంథాలయపు వార్షికోత్సవమునకు సైతము అనుజ్ఞ కోరవలసిన కాలమున మన తాతలు ఊరూర పుస్తకములు నిలిపిరి. మనము మన సొమ్మునకు లెక్క అడుగుటకు ఎవరి అనుజ్ఞయు అక్కరలేదు.